ఆదివారం సాయంకాల ప్రార్థన: గ్రెగోరియన్ స్వరం లాటిన్‌కేనా, తెలుగు కీర్తనకూ కుదురుతుందా?

గంటస్తంభం
ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు వారాలు) మొదటి ఆదివారం నుంచి మా విచారణలో (పారిష్‌లో) సాయంకాల ప్రార్థన అందరితో కలిపి పాడిద్దామని ఫాదర్‌గారు అన్నారు. కీర్తనలు తెలుగులోనే, గ్రెగోరియన్ గానం (చర్చిలో తరతరాలుగా పాడే పాత లాటిన్ గానం) 8వ స్వరంలో, జి ముగింపుతో (అదే 8జి) పాడదామని క్వయర్లో సగం మంది. గ్రెగోరియన్ అంటే లాటినే, తెలుగు కావాలంటే మామూలు పాటలు పాడుకోండి అని మిగతా సగం. ఆర్గన్ లేదు, హార్మోనియం ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నియూమ్‌పిచ్చి
మీ రెండో సగం చెప్పిందే సరి. ఎందుకో చెప్తాను.

కీర్తన స్వరం అంటే పాట కాదు. వచనం మొత్తం ఒకే స్వరం మీద నడుస్తుంది. మధ్యలో నక్షత్రం గుర్తు దగ్గర ఒక మలుపు, చివర ఇంకో మలుపు, అంతే. ఆ మలుపులు పదంలోని ఊనికను (నొక్కి పలికే అక్షరాన్ని) పట్టుకుని తిరుగుతాయి. 8జి తీసుకోండి. నడిచే స్వరం డో (డో రే మీ లెక్కలో). నక్షత్రం దగ్గర ఊనిక ఉన్న అక్షరం రే ఎక్కి మళ్లీ డోకి వస్తుంది. చివర్లో ఊనికకు ముందున్న రెండు అక్షరాలు టీ, డో. ఊనిక లా మీద. ఆఖరి అక్షరం సోల్. లాటిన్‌లో ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీదో, మూడో అక్షరం మీదో పడుతుంది. మూడోదైతే ('డోమినుస్' లాగా) మధ్య అక్షరానికి ఒక అదనపు స్వరం ఇస్తారు. పుస్తకాల్లో అది బోలు గుర్తుగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటంతా ఆ భాష కోసం పుట్టింది.

తెలుగులో ఆ ఊనిక ఏదండీ? 'నాకు లేమి కలుగదు' తీసుకోండి. చివరి నాలుగూ లఘువులే. లా ఎక్కడ పెడతారు? 'గ' మీద పెడితే జనం నోట్లో అది 'కలుగాదు' అవుతుంది.

ఇంకో మాట. స్వరాన్ని మనిష్టం వచ్చినట్టు ఎంచుకోం. ముందు పాడే యాంటిఫన్ (చిన్న పల్లవి) ఏ మోడ్‌లో (స్వర వరసలో) ఉంటే కీర్తన ఆ స్వరంలో నడుస్తుంది. ఆగమన కాలం మొదటి ఆదివారం ప్రాతఃకాల ప్రార్థనలో 'ఇన్ ఇల్లా దియే' 8వ మోడ్ కాబట్టి దాని కీర్తనకు 8జి. యాంటిఫన్ చదివేసి కీర్తన మాత్రం 8జిలో పాడితే దానికి తలా తోకా ఉండదు.

ఆదివారం_వాడు
అర్థం కాని భాషలో పాడితే దేవుడికి అర్థమవుతుందేమో గానీ మా అమ్మకి కాదు.

శ్రుతిపెట్టె
నియూమ్‌పిచ్చి గారూ, తెలుగులో ఊనిక లేకపోతే ఏం, గురువు ఉంది. మలుపుకి కావలసింది ఒక బరువైన అక్షరం.

త్రిత్వ స్తుతే చూడండి, ప్రతి కీర్తన చివరా వస్తుంది. 'మహిమ కలుగును గాక': గు టీ మీద, ను డో మీద, గా లా మీద, క సోల్ మీద. ఎవరూ కత్తిరించక్కర్లేదు, అచ్చు పోసినట్టు కూర్చుంటుంది. దాని రెండో వచనం '...గాక, ఆమెన్' కూడా అంతే: గా, క, ఆ, మెన్. ఇక 'ఘనపరచుచున్నది' లాంటి క్రియలున్నాయి. చున్-న-ది అంటే గురువు, రెండు లఘువులు. మీ 'డోమినుస్' కొలతే అది. 'చు' మీద లా పెట్టి, 'న'కి బోలు స్వరం ఇచ్చి, 'ది' సోల్ మీద దించితే సరి. మన బైబిల్ తెలుగులో ఈ '-చున్నది', '-చున్నవి' ముగింపులు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి.

క్వయర్‌కి చెప్పే పద్ధతి: చివరి మూడు అక్షరాల్లో గురువు ఎక్కడుందో చూసి పెన్సిల్‌తో కింద గీత గీయండి, దాని ముందు రెండు అక్షరాలకు చుక్కలు పెట్టండి. గురువు లేకపోతే చివరి నుంచి రెండో అక్షరం కింద గీత. గీత అంటే సాగదీయమని కాదు, అక్కడ స్వరం మారుతుందని. ముందు మాటల్ని గుంపుగా, మాట్లాడే వేగంలో చదివించండి. తర్వాత అవే మాటలు ఒకే స్వరం మీద. అది కుదిరాకే మలుపులు. తలకిందులుగా నేర్పితే జనం మలుపుల దగ్గరే ఊగుతూ మిగతాదంతా గబగబా మింగేస్తారు.

డో రే మీ రానివాళ్లకి: సోల్‌ని సా అనుకోండి. ఎత్తుగడ స రి మ. నడక మ మీద. మధ్య మలుపు మ ప మ. ముగింపు మ గ మ రి స. మెట్లు హరికాంభోజివే, కానీ గమకం ఒక్కటి కూడా వద్దు. ఎత్తుగడ కీర్తనలో మొదటి వచనానికే, సాయంకాల ప్రార్థనలో పాడే మరియమ్మ గీతానికి మాత్రం ప్రతి వచనానికీ. మూడు శ్రుతిలో పెట్టుకుంటే నడక స్వరం 'ఏ' మీదికొస్తుంది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ సరిపోతుంది. అంతకన్నా దించితే నాలుగు వచనాలకే గొంతులు కుంగి శ్రుతి జారుతుంది.

నియూమ్‌పిచ్చి
అన్నీ చెప్పారు, 'కలుగదు' మాత్రం వదిలేశారు.

శ్రుతిపెట్టె
వదల్లేదు. 'గ' కింద గీత. చెప్పాగా.

నియూమ్‌పిచ్చి
అప్పుడు లఘువు లా మీద నిలుస్తుంది. నిలిచిన చోట గుంపు సాగదీస్తుంది. మీరు వద్దన్నంత మాత్రాన గుంపు ఆగదు. కాదంటారా?

మెట్లకింద
మీ గీతలు సరే, అసలు చెడేది నక్షత్రం దగ్గర. అక్కడ ఆగమంటారు. మఠాల్లో రాతి గోడలు, ఎత్తైన కప్పు. ఆగితే స్వరం గోడల్లో తిరుగుతూ ఉంటుంది, ఆ మౌనానికి అందం. మన గుళ్లలో సిమెంటు స్లాబు, పైన ఫ్యాన్లు. అక్కడ ఆగితే ఎవరో మర్చిపోయినట్టుంటుంది. సగం మంది ఆగుతారు, సగం మంది దూకేస్తారు. అందుకే నక్షత్రం దగ్గర ఆపడం మానేయండి.

నియూమ్‌పిచ్చి
ఆ విరామం తీసేస్తే మిగిలేది గబగబా చదువు. ఒక వచనానికీ ఇంకో వచనానికీ మధ్య ఖాళీ ఉండకూడదు, రెండు వరసలుగా పాడేటప్పుడు అవతలి వరస వెంటనే అందుకోవాలి. ఖాళీ అంతా వచనం మధ్యలోనే. జనం సరిగ్గా దీన్ని తిప్పేస్తారు: మధ్యలో ఆగరు, చివర ఆగుతారు. అందుకే ఈడ్చినట్టుంటుంది.

శ్రుతిపెట్టె
ఇక్కడ మాత్రం నియూమ్‌పిచ్చి గారితోనే నేనూ. అయితే కొలత గది చూసుకుని పెట్టాలి. ప్రతిధ్వని లేని గుడిలో ఒక శ్వాస, నిశ్శబ్దంగా, ముక్కుతో. అంతకన్నా వద్దు. పొడవైన వచనానికి నక్షత్రం కన్నా ముందు ఇంకో చోట శ్వాస కావాలి, దానికే కత్తి గుర్తు (†). 8వ స్వరంలో అక్కడ డో నుంచి లాకి దిగి, చిన్న శ్వాస తీసుకుని ముందుకెళ్తారు.

ఇంకోటి, గంటస్తంభం గారికి. శ్రుతి పెట్టె ఉంటే సా-పా మీద పెట్టకండి. కీర్తన మొత్తం మ మీద నడుస్తుంటే పక్కనే ప మోగుతూ ఉంటే చెవి కోస్తుంది, గుంపు తెలియకుండానే ప వైపు ఎక్కిపోతుంది. సా-మా పెట్టండి. హార్మోనియం మీద స్వరంతో పాటు ప్రతి అక్షరానికీ కట్ట నొక్కొద్దు. నడక స్వరం పట్టి ఉంచి, మలుపుల్లో మాత్రం వేళ్లు కదపండి.

పాతక్వయర్
రెండో వాటికన్ మహాసభ 1963 ఆరాధన రాజ్యాంగం (ఆరాధన గురించిన పత్రం) 116వ అంశం: గ్రెగోరియన్ గానానికి ప్రథమ స్థానం. ఇక చర్చ ఎందుకు?

ఆదివారం_వాడు
'తక్కినవన్నీ సమానమైతే' అన్న ముక్క మింగేశారు సార్.

శ్రుతిపెట్టె
100వ అంశం కూడా చదవండి. ఆదివారాల్లో, పెద్ద పండుగల్లో సాయంకాల ప్రార్థన గుడిలో అందరితో కలిసి జరపాలని ఉంది. ఇక వేరే భాషకి ఈ స్వరాలు కట్టడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో ఆంగ్లికన్లు 1849లోనే ఇంగ్లీషు కీర్తనలన్నిటినీ గ్రెగోరియన్ స్వరాల్లో అచ్చు వేశారు, హెల్మోర్ సంపాదకత్వంలో.

నియూమ్‌పిచ్చి
మంచి ఉదాహరణే ఎత్తారు, కానీ సగం. ఇంగ్లీషుకి ఊనిక ఉంది, తెలుగుకి లేదు. ఉన్నా కూడా అమెరికాలో సెయింట్ మైన్‌రాడ్ మఠం వాళ్లు ఏం చేశారు? పాత ఎనిమిది స్వరాల్ని ఇంగ్లీషుకి తగిలించలేదు. ఎనిమిది మోడ్‌లూ ఉంచుకుని, ఇంగ్లీషు వాక్యం నడిచే తీరుకి కొత్త స్వరాలు కట్టుకున్నారు. మీరూ చేతనైతే తెలుగుకి కొత్తవి కట్టండి, నేనే మెచ్చుకుంటాను. అంతేగానీ ఉన్నదాన్ని వంచి 'అచ్చు పోసినట్టుంది' అనకండి. అసలు సంగతి, క్వయర్లో ఎవరికీ లాటిన్ చదవడం చేతకాదు, నేర్చుకోవడం బద్ధకం. ఆ మాట ఒప్పుకుంటే గురువు లఘువుల గొడవ అక్కర్లేదు.

శ్రుతిపెట్టె
బద్ధకమా? మరియమ్మ గీతం త్రిత్వ స్తుతితో కలిపి లాటిన్‌లో పన్నెండు వచనాలు. తెలుగు లిపిలో రాసిస్తే ఏ క్వయరైనా నేర్చుకుంటుంది. రాకపోవడం కాదు సమస్య. పేరు చెప్పను గానీ ఒక విచారణలో లాటిన్ వంటబట్టిన ఆరుగురిని ముందు బెంచీల్లో కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి పాడుతున్న అమ్మల్ని 'మీరు వినండి చాలు' అని వెనక్కి పంపారు. మీకు 'కలుగదు' మీద అంత పట్టుదల ఎందుకో ఇప్పుడర్థమైంది. లాటిన్ అయితే బెంచీల్లో వాళ్లు నోరు తెరవరు. మీక్కావలసింది అదే.

వరంగల్_బాస్
గీ లొల్లి కీర్తన కన్నా పొడుగైంది గదనే.

నియూమ్‌పిచ్చి
సరే, దాచడం దేనికి. అవును. రిహార్సల్‌కి రానివాళ్లు కీర్తన పాడకూడదనే నా అభిప్రాయం. కీర్తన అంటే రెండు వరసలు ఒకే గొంతుగా నడవాలి. ఎనభై మంది ఎనభై వేగాల్లో లాగితే ఆ మాటలు వినిపించవు, ఏ భాషైనా సరే. వినడం కూడా ప్రార్థనే. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ కేథడ్రల్లో సాయంకాల కీర్తనలు క్వయరే పాడుతుంది, జనం కూర్చుని ప్రార్థిస్తారు. దాన్ని చూసి ఎవరూ అవమానం అనుకోరు. జనానికి యాంటిఫన్ ఇవ్వండి, ప్రభువు ప్రార్థన ఇవ్వండి, జవాబులు ఇవ్వండి. కీర్తన నేర్చినవాళ్లకి వదిలేయండి.

శ్రుతిపెట్టె
నాది దానికి సరిగ్గా ఎదురు. ఆ సాయంత్రమే మొదటిసారి గుడికొచ్చిన మనిషి మూడో వచనానికల్లా అందుకోగలగాలి. 8వ స్వరం నేను ఎంచుకున్నది అందుకే. మధ్యలోనూ చివరా ఒక్కొక్క మలుపే, పైగా నడక స్వరం ఎటూ దూరం పోదు. 7వ స్వరమైతే రెండు చోట్లా రెండేసి ఊనికలు పట్టుకోవాలి, దాన్ని గుంపుకి ఇవ్వమని నేనూ అనను. మలుపులో 'గ' కొంచెం సాగితే సాగనివ్వండి. ఎనభై మందీ పాడుతున్నారు కదా.

నియూమ్‌పిచ్చి
సాగనివ్వండి అన్నారు. చాలు.

శ్రుతిపెట్టె
చాలదు. మీ ఆరుగురూ పోయాక ఎవరు పాడతారు?

గంటస్తంభం
అన్నా, అక్కా, ఆగండి. నాకో చిక్కు వచ్చింది. ఆగమన కాలం మొదటి ఆదివారానికి నాలుగు వారాల కీర్తనల వరసలో మొదటి వారం నడుస్తుంది. సాయంకాల ప్రార్థనలో ముందు 110వ కీర్తన, తర్వాత 114. రెండూ 8జిలోనే పాడేయొచ్చా?

నియూమ్‌పిచ్చి
114ని 8జిలోనా! దానికి అనాదిగా వేరే స్వరం ఉంది, ఎనిమిదింటిలో ఏదీ కాదు. 'ఇన్ ఎక్సితు ఇస్రాయేల్' (114 లాటిన్ మొదలు) సంచార స్వరంలో పాడతారు. మొదటి సగం లా మీద నడుస్తుంది, నక్షత్రం దాటాక సోల్ మీదికి దిగి, రే దగ్గర ముగుస్తుంది. తెలుగులో పాడినా సరే, దీన్ని మాత్రం మార్చకండి.

శ్రుతిపెట్టె
తెలుగులో పాడినా సరే అన్నారు, అందరూ చూశారు.

గంటస్తంభం గారూ, ఇది కుదురుతుంది గానీ శ్రుతి చూసుకోండి. ఇక్కడ రే మన సా. మొదటి సగం ప మీద, రెండో సగం మ మీద, ముగింపు స. నడక స్వరం 'ఏ' దగ్గరే ఉండాలంటే మూడు శ్రుతి నుంచి రెండుకి దిగాలి. 110 అయ్యాక శ్రుతి పెట్టె మార్చకుండా వదిలేస్తే 114 మొదటి వచనంలోనే మునుగుతారు. మధ్యలో యాంటిఫన్ వచ్చినప్పుడు మార్చేయండి. ఈసారి సా-పానే పెట్టండి, మొదటి సగానికి పనికొస్తుంది.

మెట్లకింద
శ్రుతి మార్చేటప్పుడు హార్మోనియం వాయించే ఆయన దగ్గుతాడు చూడండి, అదే మీ నక్షత్రం విరామం.