నాన్న మోకాళ్లకు ఏ నూనె పనిచేస్తోందో తేల్చేదెలా?

వాణి_ఖమ్మం:
మా నాన్నగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పోయిందని ఆయన వాదన. ఎక్స్‌రేలో రెండూ అరిగాయి, కుడిది కాస్త నయం. బీపీ ఉంది, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కొంచెం ఎక్కువ. అందుకని డాక్టరు నొప్పి బిళ్లలు వద్దన్నారు, మరీ ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ ఒకటి. దాంతో మా ఇల్లు నూనెల కొట్టు అయింది. మహానారాయణ తైలం, అమ్మ నువ్వుల నూనెలో వావిలాకు వేసి కాచింది, అమృతాంజనం, అన్నయ్య అమెరికా నుంచి పంపిన మిరప క్రీము. ఇవి చాలక సంతలో ఒకాయన దగ్గర తెచ్చిన ఎర్రనూనె, దాంతో పాటు పాలలో కలుపుకోమని అతనే ఇచ్చిన పొడి పొట్లాలు.

ఏ కొత్త సీసా మూత తీసినా నాన్న మొదటి వారం "ప్రాణం లేచొచ్చింది" అంటారు. తర్వాత ఆ సీసా కిటికీలోకి చేరుతుంది. ఎర్రనూనె ఒక్కటే అలా కాలేదు. నెలకు పైగా వాడుతున్నారు, మెట్లు చకచకా దిగుతున్నారు. ఆకలి పెరిగింది, మొహం కూడా నిండింది. షుగర్ మాత్రం ఎప్పుడూ లేనిది ఈసారి ఎక్కువ వచ్చింది, మామిడిపళ్ల మహిమ అనుకున్నాం.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. కొలవకుండా నమ్మడం నాకు చేతకాదు. ఇంట్లోనే వీటిని పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా?

మందులషాపు_తెనాలి:
ముందు సీసా వెనక చదవండి అమ్మా. ఆయుర్వేద మందయితే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో ఉండాలి. మా షాపుకొచ్చి "ఆకుపసరు ట్యూబు" అని అడిగేవాళ్లు సగం మంది కొనేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు జెల్. అందులో అవిసె నూనె, పిప్పర్‌మెంట్ పువ్వు కలిపి ఉంటాయి కాబట్టి వాసన చూసి మూలికల మందనుకుంటారు. తగ్గితే పేరు అవిసె నూనెకి, పని చేసింది డైక్లోఫెనాక్. అది బిళ్ల మింగినంతగా రక్తంలోకి వెళ్లదు గానీ, మీ నాన్నగారి కిడ్నీ సంగతి చూస్తే జెల్ అయినా డాక్టర్ని అడిగే రాయండి.

బామ్‌లలో వింటర్‌గ్రీన్ నూనె, అంటే మిథైల్ సాలిసిలేట్, ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ బిళ్లలు వాడేవాళ్లు అది ఎక్కువగా రాస్తే రక్తం మరీ పలచబడుతుంది. రాసిన చోట వేడినీళ్ల సంచి కూడా పెట్టకూడదు, కాలుతుంది. అమృతాంజనం గురించి మాత్రం చెడుగా మాట్లాడలేను! 1893లో బొంబాయిలో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పెట్టిన సరుకు.

ఫార్మసీ_మాస్టారు:
వాణి గారూ, నూనెల సంగతి తర్వాత. ఆ పొడి పొట్లం పట్టుకుని రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆకలి పెరగడం, మొహం నిండటం, షుగర్ ఎక్కడం, నొప్పి మాయం కావడం, నాలుగూ కలిసి వస్తే నాకు మొదట గుర్తొచ్చేది స్టెరాయిడ్. పేరూ ఊరూ లేని పొడుల్లో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటివి కలిపి అమ్మడం కొత్తేమీ కాదు. నూనె అందులో వేషం మాత్రమే. ఇన్నాళ్లు మింగాక అలాంటిది మీ అంతట మీరు టక్కున ఆపడమూ ప్రమాదమే, శరీరం సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) చేసుకోవడం తగ్గించేసి ఉంటుంది. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

అది తేలేదాకా ఏ నూనెనీ పరీక్షించొద్దు, పొడి ప్రభావం అన్నిటి లెక్కా చెడగొడుతుంది.

ఇక మీ ప్రశ్న. మొదటి వారం ప్రతిదీ ఎందుకు పనిచేస్తుంది? కీళ్ల అరుగుదల నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరిన రోజునే మనం కొత్త సీసా కొంటాం, అంటే ఎలాగూ దిగబోయే రోజున. దానికి తోడు మర్దన చేసే చెయ్యి, వెచ్చదనం, వాసన, కొత్త మందు మీద ఆశ. ఇవేవీ అబద్ధపు ఉపశమనాలు కావు, కానీ అవి ఆ సీసావి కావు. కాబట్టి పోలిక నూనెకూ ఖాళీ మోకాలికీ మధ్య కాదు, మందు నూనెకూ ఉత్త నువ్వుల నూనెకూ మధ్య ఉండాలి.

రెండు ఒకేలాంటి ముదురు రంగు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో వావిలాకు నూనె, ఇంకోదాంట్లో మామూలు నువ్వుల నూనె. రెండింట్లోనూ ఒకే కొలతగా కొద్దిగా కర్పూరం కరిగించండి, వాసనకి తేడా పట్టకుండా (చిన్నపిల్లలుంటే అందనివ్వకండి, కర్పూరం వాళ్లకి విషం). సీసాలు నింపి నంబర్లు వేసేది మీ అమ్మగారు, రాసేది మీరు. ఏది ఏ నంబరో మీకూ తెలియకూడదు. ముందు ఒక వారం ఏదీ రాయకుండా నొప్పి అంకె రాసుకోండి. తర్వాత బొమ్మా బొరుసూ వేసి ఒక సీసా రెండు వారాలు, మధ్యలో కొన్నాళ్లు విరామం, తర్వాత రెండోది రెండు వారాలు. ఓపికుంటే మొత్తం మళ్లీ ఒకసారి. రాసే మనిషి, మర్దన చేసే నిమిషాలు మారకూడదు.

అంకె ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యమే. "ఈరోజు ఎలా ఉంది నాన్నా" అంటే మిమ్మల్ని సంతోషపెట్టే జవాబొస్తుంది. రోజూ ఒకే వేళకి, ఒకే మెట్లు దిగాక, సున్నా నుంచి పది లోపు అంకె చెప్పించండి. పారాసిటమాల్ వేసుకున్న రోజు పక్కన గుర్తు పెట్టండి. సగటున 2 అంకెల తేడా వస్తేనే మనిషికి తెలిసే మార్పుగా లెక్క. ఆ గీత ముందే గీసుకోండి, చివర్లో గీసుకుంటే అది మనకి నచ్చిన చోట పడుతుంది.

మిరప క్రీముకి ఈ పద్ధతి కుదరదు. మంట పుడుతుంది కాబట్టి దాచలేం. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల్లో వేడిని గుర్తించే గ్రాహకాన్ని తడుతుంది, ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పదేపదే రాస్తే ఆ నరాలు మందగిస్తాయి. అందుకే అప్పుడప్పుడు రాస్తే లాభం లేదు, రోజుకి మూడు నాలుగుసార్లు, కొన్ని వారాలు రాయాలి. శాతం ఎంతో చూడండి: 0.025 శాతం క్రీముకి కొంత ఆధారం ఉంది, 0.0125 శాతం జెల్ మందు కలపని ఉత్త జెల్ కంటే మెరుగని తేలలేదు. ఇంట్లో గుంటూరు కారం కాచి మాత్రం చేసుకోకండి. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్లు నలుపుకున్నాక గుర్తొస్తే లాభం లేదు.

జర్మనీ_సుధ:
ఇక్కడ ఫార్మసీల్లో ఆర్నికా జెల్ బాగా నడుస్తుంది. చేతివేళ్ల కీళ్లు అరిగిన 204 మంది మీద 21 రోజులు చూసి, ఇబుప్రొఫెన్ జెల్‌కి తీసిపోలేదని 2007లో అచ్చయింది. నేనూ రాసుకుంటున్నాను. వాణి గారి నాన్నగారికి పంపమంటే పంపుతాను.

ఫార్మసీ_మాస్టారు:
ఆ పరీక్షలో ఉత్త జెల్ రాసిన గుంపు లేదు సుధ గారూ. రెండూ సమానమని తెలిసింది, ఉత్త జెల్ కంటే ఎంత మెరుగో తెలియలేదు. పైగా అది వేళ్లకి. పరీక్షించాలంటే సరే, చేమంతి జాతి పూలు పడనివాళ్లకి మాత్రం దద్దుర్లు రావచ్చు.

కొత్తగూడెం_మల్లన్న:
ఇంత లెక్కలెందుకు సార్? మా నాయనమ్మ జిల్లేడాకు కాచి కట్టేది, తగ్గేది. తగ్గితే చాలదా?

ఫార్మసీ_మాస్టారు:
ఆమెకి తగ్గితే చాలు మల్లన్నా, ఎవరికీ అభ్యంతరం లేదు. వాణి గారు అడిగింది అయిదు సీసాల్లో ఏది ఉంచుకోవాలని. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి.

వాణి_ఖమ్మం:
పొట్లం తీసుకెళ్లాం. డాక్టరు వాసన కూడా చూడలేదు, నేరుగా పొద్దుటి కార్టిసాల్ పరీక్ష రాశారు. తక్కువ వచ్చింది. ఇప్పుడు ఆయనే లెక్కగా బిళ్లలిచ్చి తగ్గిస్తున్నారు, షుగర్ కూడా చూస్తున్నారు. నాన్నకి పొడి మీద కంటే నా మీదే కోపం, మెట్లు మళ్లీ పట్టుకుని దిగుతున్నారు. ఆ డోసు పూర్తయ్యాకే నూనెల పరీక్ష. అమ్మ అప్పుడే సీసాలు కడిగి ఆరబెట్టింది. ఒక్క సందేహం: ఎడమ మోకాలికి ఒకటి, కుడికి ఒకటి ఒకేసారి రాస్తే సగం కాలం మిగలదా?

ఫార్మసీ_మాస్టారు:
రెండు మోకాళ్లు సమానంగా నొప్పి పెడితే కుదిరేది. మీ నాన్నగారికి ఎడమది ఎక్కువ అన్నారుగా, దానికి రాసిన సీసా ఎలాగూ ఓడిపోతుంది. పైగా ఒక మోకాలు నొస్తే బరువంతా రెండో దాని మీద పడి అంకెలు కలిసిపోతాయి. వారాల పద్ధతే పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు రెండు సీసాల నూనే మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడితే అది పరీక్ష దాకా రాకూడదు.