డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, పెళ్లికి ఎనిమిది మంది చుట్టాలు: పడకలెలా సర్దాలి?

మియాపూర్_కోడలు
మాఘమాసంలో మా మరిది పెళ్లి. పెళ్లికూతురు వాళ్లది ఇక్కడే. ఫంక్షన్ హాలు మాకు దగ్గరని మా వాళ్లంతా మా ఇంట్లోనే దిగుతామన్నారు. విశాఖ నుంచి అత్తయ్య, మామయ్య, పెద్దాడపడుచు వాళ్లు నలుగురు, చినమామయ్య, చిన్నత్తయ్య. మూడు రాత్రులు. మాది 1050 చదరపు అడుగుల ఫ్లాటు, హాలు 10 అడుగులు బై 15. ఉన్న సోఫా ఎలాగూ కుంగిపోయింది. దాన్ని తీసేసి సోఫా కమ్ బెడ్ కొనాలా, బాక్స్ దివాన్ చేయించాలా? పెళ్లయ్యాక కూడా పనికిరావాలి. అదనపు పరుపులు ఎక్కడ దాచుకుంటున్నారు? మా బెడ్‌రూం ఆడపడుచు వాళ్లకిచ్చేసి మేమూ పాపా వంటింట్లో పడుకుంటాం, ఆ గొడవ లేదు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుని లేవలేరు.

అద్దిల్లు_అగచాట్లు
సోఫా కమ్ బెడ్ ఊసే ఎత్తకండి. షోరూంలో కుర్రాడు ఒంటిచేత్తో లాగి చూపిస్తాడు. అక్కడ దాని ముందు టీపాయ్ ఉండదు, చార్జర్ వైర్లుండవు, పిల్లల బొమ్మలుండవు. ఇంట్లో రోజూ రాత్రి టీపాయ్‌ని బాల్కనీలోకి మోసి పొద్దున్నే మళ్లీ లోపలికి తేవాలి. పైగా మాది మధ్యలో ఇనప రాడ్డున్న రకం. మా బావగారు ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే నడుం పట్టుకుని "ఏరా, నా మీద ఏమైనా కోపముందా?" అనడిగారు. ఇప్పుడు మడత దగ్గర బిగుసుకుపోయి సోఫాగా కూడా సరిగ్గా కూర్చోనివ్వట్లేదు.

ప్లైవుడ్_పంతులు
పై సోదరుడు చౌక సరుకు కొని జాతి మొత్తాన్ని తిడుతున్నాడు. ఇంటీరియర్ పని నా వృత్తి. నిజాంపేట నుంచి నార్సింగి దాకా నా చెయ్యి పడని అపార్టుమెంటు తక్కువ. లెక్క వినండి మేడం. సోఫా లోతు సుమారు మూడడుగులు, విప్పితే ఆరు. మీ హాలు వెడల్పు పది. టీవీ యూనిట్‌కి అడుగున్నర పోతే మిగిలేది రెండున్నర అడుగుల దారి. దాంట్లోనే చెప్పులు, బ్యాగులు, రాత్రి బాత్రూంకి లేచే పెద్దవాళ్లు. మెయిన్ డోర్ లోపలికి తెరుచుకునే వైపు పెట్టారంటే పాలవాడొచ్చినా తలుపు తెరవలేరు. అందుకని బాక్స్ దివాన్ చేయించండి, దాని కింద చక్రాల మీద లాగే ఇంకో మంచం పెట్టించండి. 710 గ్రేడ్ ప్లై, 18 ఎంఎం. అంతకు తక్కువ ఎవరు చెప్పినా వినకండి.

లెక్కలు_రావు
హాల్లో ఉండే దివాన్‌కి 710 ఎందుకు సార్? అది నీళ్లు తగిలే చోట వాడేది. సింక్ కింద క్యాబినెట్‌కి అడగండి, ఒప్పుకుంటా. దివాన్‌కి మామూలు 303 గ్రేడ్ ప్లై చాలు. మీ కమీషన్ ఎంతో అదీ రాస్తే బాగుండేది.

ప్లైవుడ్_పంతులు
కమీషన్ మాట వెనక్కి తీసుకోండి. తడిగుడ్డతో రోజూ ఇల్లు తుడుస్తారా లేదా? దివాన్ అడుగు ముందు ఉబ్బేది అక్కడే. చెదల సంగతి మీకు తెలుసా?

లెక్కలు_రావు
దానికి అడుగున నాలుగు కాళ్లు పెట్టిస్తే సరిపోతుంది. షీటుకి అంత ఎక్కువ పెట్టక్కర్లేదు.

ఆడిబిడ్డను_నేనే
ఎవరికీ కనబడలేదా, ఆమె "మేమూ పాపా వంటింట్లో" అన్న మాట? అందరూ ప్లైవుడ్ మీద పడ్డారు. పెళ్లింట్లో అందరికంటే ముందు లేచేది ఆమె, అందరికంటే చివర పడుకునేది ఆమె. ఆమెకే పడక లేదంట, ఆ గొడవ లేదంట! నేనూ ఒకింటికి ఆడిబిడ్డనే. తమ్ముడింటికి పోతే హాల్లో పరుపేసుకుని పడుకుంటా. వాళ్ల గదిలో వాళ్ల బీరువా ఉంటది, వాళ్ల బట్టలుంటయ్. ప్రతి గంటకీ చీర కోసం తలుపు కొడతరు. నాకెందుకా గది?

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, మీ సర్దుబాటు మెచ్చుకోదగ్గదే. కానీ పుట్టింటికొచ్చిన ఆడపడుచుకి గది ఇవ్వడం మన మర్యాద. మా చిన్నతనంలో చుట్టాలొస్తే ఇంటి యజమానే మంచం తీసుకెళ్లి వసారాలో వేసుకునేవాడు. ఎవరూ ఇంత చర్చ పెట్టలేదు.

ఆడిబిడ్డను_నేనే
యజమాని వసారాలో పడుకునేటోడు, సరే మాస్టారూ. యజమానురాలు ఎక్కడ పడుకునేదో చెప్పలేదు మీరు.

గోదారోడు
మర్యాద మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. నేను అల్లుణ్ణి. మావగారింట్లో మా తోడల్లుడికి ఏసీ గది, నాకు హాల్లో చాప. కారణం, ఆయన పెద్దల్లుడంట. చాప మీద పడుకోవడం నాకేం కొత్త కాదు, పొలం గట్టు మీద పడుకున్న వాణ్ణి. కానీ పొద్దున్నే కాఫీ కూడా ముందు ఆ గదిలోకే వెళ్లింది. అది మర్చిపోలేను.

మియాపూర్_కోడలు
అయ్యో, కాఫీల దాకా వెళ్లిపోయారు. నేనడిగింది దివానా, సోఫా కమ్ బెడ్డా అని.

రిటైర్డ్_మాస్టారు
వెటకారం వద్దమ్మా. మా ఇంటావిడ వంటింటి గడప దగ్గర పడుకునేది. ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు.

ఆడిబిడ్డను_నేనే
ఆమెనెప్పుడైనా అడిగిన్రా?

రిటైర్డ్_మాస్టారు
మీతో వాదన అనవసరం. ఈ తరానికి చుట్టమంటేనే బరువు. హోటల్ గదులు బుక్ చేసి పంపించేయండి, అదీ మర్యాదేనంటారు కాబోలు.

కొండాపూర్_టెకీ
నిజంగానే రెండు గదులు బుక్ చేయొచ్చు కదా? ఇందులో తప్పేముంది. దివాన్ చేయించే డబ్బులతో మూడు రాత్రులు అయిపోతాయి.

గోదారోడు
విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారేసరికి దిగిన అత్తగారిని హోటల్‌కి పంపిస్తే, ఆ మాట ఆ ఇంట్లో మనవలు పెళ్లీడుకొచ్చేదాకా వినబడుతుంది బ్రదర్. మీకు పెళ్లి కాలేదనుకుంటా.

ఎడిసన్_నుంచి
మీ బాధ మూడు రాత్రులే. మాకు ఇక్కడ అమెరికాలో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే ఆర్నెల్లు. వాళ్లు వెళ్లాక అత్తయ్యగారూ మామయ్యగారూ. సింగిల్ బెడ్‌రూం అపార్టుమెంట్, లివింగ్ రూంలో గాలి పరుపు. రాత్రి గట్టిగా ఉన్నది తెల్లారేసరికి మెత్తబడి నాన్న నడుం నేలకి తగిలేది. చలికి లోపలి గాలి కుదించుకుపోతుంది, పంక్చర్ కాకపోయినా దిగుతుంది. కింద దళసరి దుప్పటి పరిస్తే చలి కొంత ఆగింది. పెద్దవాళ్లకి మాత్రం గాలి పరుపు వద్దే వద్దు, అంచు మీద కూర్చుంటే పక్కకి ఒరుగుతారు. చివరికి మామూలు మడత మంచం కొని కర్టెన్ రాడ్ బిగించి గదిలా చేశాం.

బోడుప్పల్_బుజ్జి
టెంట్ హౌస్ వాళ్లని అడగండి. పరుపులు, దిండ్లు, దుప్పట్లు రోజు లెక్కన అద్దెకిస్తారు. పెళ్లికి షామియానా, కుర్చీలు ఎలాగూ తెస్తారుగా, ఆ బండిలోనే వచ్చేస్తాయి. మోసేదీ దాచేదీ ఉండదు.

నల్లుల_బాధితుడు
ఆగండి! అద్దె పరుపు ఇంట్లోకి రానిచ్చే ముందు కుట్ల వెంబడి టార్చి వేసి చూడండి. నల్లటి చుక్కలు కనబడితే గుమ్మంలోంచే తిప్పి పంపండి. మాకు చుట్టాలు వెళ్లిపోయారు, నల్లులు ఉండిపోయాయి. మంచాల సందుల్లో, స్విచ్ బోర్డు వెనక, ఆఖరికి దేవుడి పటం వెనక కూడా. మందు ఒకసారి కొడితే పోవు, గుడ్లు పొదిగాక మళ్లీ కొట్టాలి. పక్క ఫ్లాటు వాళ్లు ఇప్పటికీ మాతో ముభావంగానే ఉన్నారు.

బోడుప్పల్_బుజ్జి
మా టెంట్ హౌస్ ఆయన అలాంటివాడు కాదండీ.

నల్లుల_బాధితుడు
మాకిచ్చినాయనా మంచివాడే.

సజ్జ_మీద_సామాను
పరుపులు దాచే చోటు అడిగారు, ఎవరూ చెప్పలేదు. మూడు మడతల ఫోమ్ పరుపు తీసుకోండి. పరిస్తే 72 బై 36 అంగుళాలు. నాలుగంగుళాల మందానిదైతే మడిచాక 24 బై 36, ఎత్తు ఒక అడుగు. రెండడుగుల లోతున్న సజ్జలో సరిగ్గా పడుతుంది. బూరుగు దూది పరుపులు కొనకండి. మెత్తగా ఉంటాయి గానీ సజ్జ ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. గడ్డలు కడితే విప్పి ఏకించే దూదేకులవాళ్లు మా వీధిలోకి రావడం ఎప్పుడో మానేశారు. కలరా ఉండలు పరుపు మడతల్లో నేరుగా వేయొద్దు, చుట్టాలు రాత్రంతా తుమ్ముతారు. ముందురోజు ఎండలో వేసి తీస్తే ముక్క వాసన పోతుంది.

లెక్కలు_రావు
పరుపుతో సహా మూతలా పైకి లేచే హైడ్రాలిక్ మంచం ఉంటే సజ్జ దేనికి? మొత్తం అందులోనే పడుతుంది.

సజ్జ_మీద_సామాను
పడుతుంది సార్. రాత్రి పదకొండింటికి ఇంకో ఇద్దరు దిగుతారు. వాళ్లకి దుప్పట్లు తీయాలంటే ఆ మంచం మీద నిద్రపోతున్న మామగారిని లేపాలి. అందుకే చుట్టాల సామాను మంచం కింద పెట్టొద్దంటా.

ప్లైవుడ్_పంతులు
హైడ్రాలిక్ అంటే గుర్తొచ్చింది. పరుపు బరువుకి తగ్గ గ్యాస్ రాడ్లు వేయించాలి. ఫోమ్ పరుపు లెక్కన వేసి తర్వాత బరువైన కొబ్బరి పీచు పరుపు పడేస్తే మూత నిలబడదు, చేతుల మీద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. గోడకి మడిచే మంచం గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. మర్ఫీ బెడ్ అంటారు, అమెరికాలో విలియం మర్ఫీ అనే ఆయన 1900ల మొదట్లో ఒంటిగది ఇంట్లో ఉంటూ కనిపెట్టాడు. దాన్ని నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకి బిగించమని నా దగ్గరికి రాకండి. ఒప్పుకోను.

లెక్కలు_రావు
అసలు 1050 అని రాశారు, అది సూపర్ బిల్టప్పా, కార్పెట్ ఏరియానా? 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, బాల్కనీ రావు. చాలామంది లిఫ్టు, మెట్లు కూడా కలిపిన అంకె పట్టుకుని మా ఇల్లు పెద్దదనుకుంటారు.

మియాపూర్_కోడలు
చుట్టాలు కార్పెట్ ఏరియా చూసి రారు సార్ 🙂

మౌనంగా_చదివేవాణ్ణి
ఎప్పుడూ రాయను, ఇవాళ రాయాల్సొచ్చింది. ఎనిమిది మంది, మీరు ముగ్గురు. బాత్రూములెన్ని? పడక ఎలాగైనా దొరుకుతుంది. ముహూర్తం ఉదయమైతే పదకొండు మంది తలస్నానాలు. గీజర్ 15 లీటర్లదైతే వరసగా ఇద్దరు ముగ్గురికి మించి వేడినీళ్లు రావు. వంటింట్లో పెద్ద గిన్నెతో నీళ్లు కాచాలి, మీరేమో ఆ వంటింట్లోనే పడుకుంటామంటున్నారు. ఇంకో మాట. పెళ్లికొడుకు ఎక్కడ పడుకుంటాడు? మీ లెక్కలో అతను లేడు.

గోదారోడు
😂😂 పెళ్లికొడుకునే మర్చిపోయారు!

మియాపూర్_కోడలు
మరిది ఫ్రెండ్స్ రూంలో ఉంటానన్నాడు, అందుకే రాయలేదు. బాత్రూములు రెండు. నీళ్ల సంగతి మాత్రం ఆలోచించలేదు, పక్కింటి వాళ్ల గీజర్ అడుగుతా. ఇందాక ఆడపడుచుకే ఫోన్ చేశాను. "ఆ గది మాకొద్దు, అమ్మానాన్నకివ్వు, వెస్ట్రన్ కమోడ్ దానికే కదా ఉంది" అంది. కాబట్టి అత్తయ్య వాళ్లు మా గదిలో, చినమామయ్య వాళ్లు రెండో గదిలో, ఆడపడుచు వాళ్లు హాల్లో. మేమింకా వంటింట్లోనే.

ఆడిబిడ్డను_నేనే
ఆడపడుచు బంగారం. చెప్పిన్నా లేదా? మంచం ఎత్తు కూడా చూడమ్మా, పరుపుతో కలిపి 18 అంగుళాలన్నా ఉంటేనే మోకాళ్ల నొప్పులున్నోళ్లు సులువుగా లేస్తరు. వంటింట్లో మాత్రం పడుకోకు. హాల్లో ఒక పక్కకి మీరూ పరుచుకోండి.

రిటైర్డ్_మాస్టారు
ఎక్కడ పడుకున్నా ఉత్తరం వైపు తల పెట్టకండి.

కొండాపూర్_టెకీ
హాల్లో ఏడుగురు, ఒకటే ఫ్యాను. దిక్కులు చూస్తే గాలి తగలదు మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు
మాఘమాసంలో ఫ్యానెందుకయ్యా?

కొండాపూర్_టెకీ
దోమలకి.

బోడుప్పల్_బుజ్జి
హాల్లో దోమతెర కట్టడానికి మేకులుండవు కదా, గొడుగులా విచ్చుకునే రకం కొనండి. డబుల్ సైజుది ఒకదాంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లాడు పడతారు. తిరిగి మడవడం మాత్రం వీడియో చూసి ముందే నేర్చుకోండి, లేకపోతే పెళ్లిరోజు పొద్దున్న దాంతోనే కుస్తీ.