క్విల్ట్ కుట్టగా మిగిలిన బ్యాటింగ్ ముక్కలు: ఎలా దాచాలి, దేనికి వాడాలి?

కొత్తకుట్టు: క్విల్టులు (పొరలు కలిపి కుట్టే బొంతలు) కుట్టగా మిగిలిన బ్యాటింగ్ ముక్కలు, అంటే పైగుడ్డకూ అడుగుగుడ్డకూ మధ్య వేసే దూది పొర ముక్కలు, ఒక సంచి నిండా ఉన్నాయి. కొన్ని అడుగున్నర వెడల్పున్నాయి, కొన్ని నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు. కాటన్, పాలిస్టర్ అన్నీ కలిసిపోయాయి. వీటిని అతికి మళ్లీ క్విల్టులో వేయొచ్చా? వేస్తే అతుకు పైకి కనిపిస్తుందా? పనికొచ్చేదాకా ఎలా దాచాలి?

సూదీదారం: అతకొచ్చండీ. సరిగ్గా అతికితే ఉతికాక కూడా ఎక్కడ అతికారో తెలియదు. అయితే దానికంటే ముందు ఏ ముక్క దేనితో చేసిందో తేల్చుకోవాలి. 100 శాతం కాటన్ బ్యాటింగ్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుంటుంది, పాలిస్టర్ దాదాపు ముడుచుకోదు. రెండూ పక్కపక్కన అతికారనుకోండి. 60 అంగుళాల పొడవులో కాటన్ వైపు 3 అంగుళాల దాకా లోపలికి లాగుతుంది, పాలిస్టర్ వైపు అలాగే ఉంటుంది. అతుకు వెంట ఒక పక్కంతా ముడతలు పడతాయి. ఇక దాన్ని సరిచేయడం ఎవరివల్లా కాదు. కాటన్‌కు కాటన్, పాలిస్టర్‌కు పాలిస్టర్, ఉన్నికి ఉన్ని అతకాలి. మందం కూడా ఒకటే ఉండాలి. ఒకే కంపెనీ, ఒకే రకం అయితే మరీ మంచిది.

కొత్తకుట్టు: చీటీ లేని ముక్కలు దేనివో ఎలా తెలుస్తుంది?

సూదీదారం: కాల్చి చూడాలి. గోరంత దూది పీకి పట్టకారుతో పట్టుకుని, సింకులో పెట్టిన స్టీలు పళ్లెం మీద అంటించండి. పక్కన నీళ్లు ఉండాలి. కాటన్ అయితే చప్పున అంటుకుని కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ మంటకు దగ్గరికి రాగానే ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. కరుగుతున్నప్పుడు వేలితో ముట్టుకోవద్దు, చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని నెమ్మదిగా కాలి, మంట తీయగానే ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలినది నలిపితే పొడవుతుంది. బూడిదా, గట్టి పూసా రెండూ కనిపిస్తే అది కలగలుపు రకం.

ఇంకొకటి కూడా చూడాలి. పట్టీని రెండు చేతులతో పట్టుకుని లాగండి. పొడవుకీ, అడ్డానికీ కూడా సాగకుండా బిగుతుగా ఉంటే లోపల పలచటి వలలాంటి పొర ఉండొచ్చు. దాన్నే స్క్రిమ్ అంటారు. ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తోనో పాలిస్టర్‌తోనో చేస్తారు. కాటన్ అని అమ్మే బ్యాటింగ్‌లో కూడా ఇది ఉండే అవకాశం ఉంది. వేడి తగిలే పనికి వాడాలనుకుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

గళ్లగుడ్డ: అతికే పద్ధతి. రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి అంగుళం మేర ఎక్కించి పరవండి. ఎక్కించిన మధ్యభాగంలో రోటరీ కట్టర్‌తో (చక్రంలా తిరిగే బ్లేడు కత్తి) రెండు పొరలూ కలిపి ఒకేసారి కోయండి. తునకలు తీసేస్తే రెండు అంచులూ సందు లేకుండా ఒకదానికొకటి ఆనుకుంటాయి. తిన్నగా కోయకుండా కొద్దిగా పాములా వంపులు తిప్పి కోస్తే ఇంకా మేలు, పైగుడ్డ మీద గీతలాగా తేలదు.

అంచుమీద అంచు ఎక్కించి మాత్రం కుట్టొద్దు. అక్కడ మందం రెట్టింపై కట్టలా తగులుతుంది. అలాగని సందు వదిలితే ఉతికాక గాడిలా దిగిపోతుంది.

కుట్టు: మిషన్లో జిగ్‌జాగ్ పెట్టి వెడల్పు 5 నుంచి 6 మిల్లీమీటర్లు, పొడవు 2.5 ఉంచండి. సూది ఒకసారి ఎడమ ముక్కలో, ఒకసారి కుడి ముక్కలో పడాలి. పైదారం బిగువు మామూలు కంటే ఒకటి రెండు అంకెలు తగ్గించండి. బిగువు ఎక్కువైతే రెండు అంచులూ పైకి లేచి గుడారంలా నిలబడతాయి. వాకింగ్ ఫుట్ (పై పొరనూ కింది పొరనూ సమానంగా జరిపే మిషను పాదం) ఉంటే వేయండి. లేకపోతే ఫుట్ ఒత్తిడి తగ్గించండి. చేత్తో వెనక నుంచి లాగడం, ముందు నుంచి తోయడం రెండూ వద్దు. లాగితే అంచు సాగిపోయి అలలు అలలుగా తయారవుతుంది. చాలామందికి చెడేది ఇక్కడే, నింద మిషను మీద పడుతుంది.

మిషనుచప్పుడు: చేత్తో కుట్టినా బావుంటుంది. అటొక సూదిపోటు ఇటొక సూదిపోటు వేసి, దారం బిగించకుండా వదులుగా, అర అంగుళం ఎడంతో పోతే చాలు. ఈ కుట్టు శాశ్వతంగా బరువు మోయనక్కర్లేదు. తర్వాత పొరలన్నీ కలిపి మీరు వేసే క్విల్టింగ్ కుట్లే అంతా పట్టి ఉంచుతాయి.

ఇస్త్రీతో అంటుకునే టేపు కూడా దొరుకుతుంది, అంగుళంన్నర వెడల్పున. కాటన్‌కు అయితే తొందరగా పని అయిపోతుంది. పాలిస్టర్ మీద వద్దు, ఇస్త్రీ వేడికి అక్కడ అణిగిపోయి మళ్లీ లేవదు.

గళ్లగుడ్డ: టేపు చిన్న వాటికి సరే. పెద్ద క్విల్టులో మడతపెట్టిన ప్రతిసారీ ఆ పట్టీ కొంచెం గట్టిగా తగులుతుంది. చేత్తో క్విల్టింగ్ చేసేవాళ్లకు సూది కూడా అక్కడ మొరాయిస్తుంది. నా మాటైతే జిగ్‌జాగే.

మిషనుచప్పుడు: చేత్తో క్విల్టింగ్ చేసేటప్పుడు టేపు అడ్డమే, ఆ మాట ఒప్పుకుంటాను.

కొత్తకుట్టు: 36 అంగుళాలకు 48 అంగుళాల పిల్లల క్విల్ట్ ఒకటి చేయాలి. 14 అంగుళాల వెడల్పు, 40 పొడవున్న కాటన్ ముక్కలు నాలుగు ఉన్నాయి. సరిపోతాయా?

సూదీదారం: చూద్దాం. ఇంటి మిషను మీద కుట్టేటప్పుడు పైగుడ్డ కంటే బ్యాటింగ్ నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే మీకు 40కి 52 కావాలి. నాలుగు ముక్కలు పక్కపక్కన పెడితే 56. మూడు అతుకులు, ఒక్కో అతుకుకు ఎక్కించిన అంగుళం పోతుంది. మిగిలేది 53. సరిపోతుంది, కానీ అంచులు వంకర ఉండి సరిచేయాల్సి వస్తే ఇటువైపు ఒక్క అంగుళమే మిగులు ఉంది, 40 వైపు అదీ లేదు. ముందే పరిచి కొలుచుకోండి.

అతుకులు పైగుడ్డ అతుకుల మీద సరిగ్గా పడకుండా చూసుకోండి, క్విల్ట్ సగానికి మడిచే చోటా పడకూడదు. క్విల్టింగ్ కుట్ల మధ్య ఎడం ఎంత ఉండొచ్చో బ్యాటింగ్ చీటీ మీద ఉంటుంది. రకాన్ని బట్టి 2 అంగుళాల నుంచి 10 దాకా మారుతుంది. చీటీ లేకపోతే 3 నుంచి 4 అంగుళాలు దాటకండి. ఎడం ఎక్కువైతే లోపలి దూది జరిగి అక్కడక్కడా గడ్డలు కడుతుంది.

నీడిల్ పంచ్ రకం (ఫ్యాక్టరీలో సూదులతో గుచ్చి పీచు పెనవేసినది) అయితే ముక్కలన్నీ ఒకే వైపు పైకి ఉండేలా అతకాలి. ఒక ముఖాన సన్నటి గుంటలు, ఇంకో ముఖాన బొడిపెలు కనిపిస్తాయి. గుంటల వైపు పైగుడ్డకు ఆనాలి. ఫ్యాక్టరీ సూదులు పోయిన దారిలోనే మీ సూదీ పోవాలి కదా. తిరగేస్తే పీచు పైగుడ్డ గుండా బయటికి తేలుతుంది. ముదురు రంగు గుడ్డ మీద తెల్లటి నూగులా ఆ పీచు వెంటనే కనిపిస్తుంది. నల్లటి గుడ్డలకు నల్ల బ్యాటింగ్ ముక్కలు విడిగా దాచుకోమనేది అందుకే.

బొంతలపెట్టె: దాచడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మొదట కత్తిరించేటప్పుడే చీటీ పెట్టండి. దూది రకం, స్క్రిమ్ ఉందా లేదా, కొలత, ముందే ఉతికిందా, ముడుచుకునే శాతం, కుట్ల ఎడం ఎంత ఉండొచ్చు, ఇవి రాస్తే చాలు. చీటీని గుండుసూదితో గుచ్చొద్దు, తేమకు తుప్పు మరక దిగుతుంది. దారంతో ఒక్క టాకా వేసి కట్టండి.

కొలతల ప్రకారం వేరు చేస్తే వెతుకులాట తగ్గుతుంది. 18 అంగుళాలు దాటినవి చుట్టలు చుట్టి పాత కాటన్ దుప్పట్లో మూటకట్టండి. 6 నుంచి 18 లోపువి పరిచి ఒకదాని మీద ఒకటి, బరువేమీ పెట్టకుండా. అంతకంటే చిన్నవి దిండు గలీబులో వేస్తే గాలి ఆడుతుంది, దుమ్ము పడదు. కాటన్‌నీ ఉన్నినీ ప్లాస్టిక్ కవర్లో బిగించి పెడితే లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది. ఒకసారి బూజు మరక పడ్డ ముక్క క్విల్టుకు పనికిరాదు, ఉతికినా వాసన పోదు.

ఉన్నికి పురుగు భయం ఉంది. నెలల తరబడి పెట్టే ముందు ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీసిన వెంటనే సంచి విప్పొద్దు, గది వేడికి వచ్చాకే విప్పాలి. లేకపోతే చెమ్మ నేరుగా ఉన్ని మీదే దిగుతుంది. నూలు, ఉన్ని ఉన్న చోట ఎలుకలు గూళ్లు కడతాయి కాబట్టి నేల మీద మాత్రం పెట్టకండి.

మిషనుచప్పుడు: గాలి పీల్చే వాక్యూమ్ సంచుల్లో పెడితే చోటు బాగా కలిసొస్తుంది కదండీ?

బొంతలపెట్టె: చోటు కలిసొస్తుంది, బ్యాటింగ్ ఉబ్బు పోతుంది. ఎత్తుగా ఉండే పాలిస్టర్, ఉన్ని అందులో నెలల తరబడి ఉంటే ముడతలు స్థిరపడతాయి. కొన్ని వారాలకైతే పర్వాలేదు. ముడతలు పడ్డ కాటన్‌కు సన్నగా నీళ్లు చిలకరించి రాత్రంతా పరిచి ఉంచండి, లేదా ఆవిరి ఇస్త్రీని తాకీ తాకనట్టు తిప్పండి. పాలిస్టర్‌కు ఇస్త్రీ వద్దు, డ్రైయర్‌లో తక్కువ వేడి మీద ఒక తడి తువ్వాలుతో కలిపి పది నిమిషాలు తిప్పితే చాలావరకు తేరుకుంటుంది.

కొత్తకుట్టు: నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు, అరచేతంత ముక్కలు దేనికి వాడాలి? అతకాలంటే విసుగొస్తోంది.

గళ్లగుడ్డ: 8 అంగుళాలలోపు ముక్కలు క్విల్టు కోసం అతకడం దండగ. అతుకుల సంఖ్య పెరుగుతుంది, దారం ఖర్చు, సమయం ఖర్చు, ఫలితం అంతంత మాత్రం. వాటికి వేరే దారులున్నాయి.

కాటన్ అయితే మసిగుడ్డలు కుట్టండి. 8 అంగుళాల చదరం, కాటన్ బ్యాటింగ్ రెండు పొరలు, మధ్యలో వేడి ఆపే మెరుపుపొర ఒకటి. పైనా కిందా గట్టి కాటన్ గుడ్డ, దారం కూడా కాటన్‌దే. పాలిస్టర్ ముక్కలు ఇందులో వేయకూడదు. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడి అణిగిపోతుంది. మూకుడు అడుగు అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. వేడి చేతికి తగిలేది అణిగిన చోటే.

మైక్రోవేవ్‌లో పెట్టే గిన్నె గుడ్డలకైతే మెరుపుపొర అసలు వద్దు, అందులో లోహం ఉంటుంది. స్క్రిమ్ ఉన్న బ్యాటింగ్, పాలిస్టర్ దారం కూడా వద్దు. అన్నీ కాటనే అయినా పొడిగా ఎక్కువసేపు తిప్పితే మాడి అంటుకునే ప్రమాదం ఉంది. తక్కువ సేపే వాడాలి, కళ్లముందే ఉండాలి.

సూదీదారం: పట్టీలకు ఒక మంచి పని ఉంది, పట్టీల చాప. రెండున్నర అంగుళాల గుడ్డ పట్టీని తిరగేసి పరవండి. దాని మీద అంతే వెడల్పు, లేదా పావు అంగుళం తక్కువ ఉన్న కాటన్ బ్యాటింగ్ పట్టీ. రెండు అంచులూ మధ్యకు మడిచి, మళ్లీ సగానికి మడిచి అంచున కుట్టేస్తే 5/8 అంగుళం వెడల్పు తాడులా వస్తుంది. దాన్ని చుట్టుతూ పక్కపక్కన జిగ్‌జాగ్‌తో కుట్టుకుంటూ పోవాలి. సూది సైజు 90/14. బ్యాటింగ్ పట్టీల కొసలు ఎక్కించకుండా ఆనించి పెట్టండి, ఆ కొసలూ గుడ్డ అతుకులూ ఒకచోట పడకుండా 3, 4 అంగుళాల ఎడం ఉంచండి. రెండూ ఒకచోట పడ్డాయో సూది అక్కడ విరుగుతుంది.

చాప మధ్యలో గిన్నెలా లేస్తోందంటే మలుపుల దగ్గర తాడు లాగి కుడుతున్నట్టే. మలుపు తిరిగేటప్పుడు వదులుగా వదలాలి. ఒక్కోసారి అంచులు అలలెత్తుతాయి. అప్పుడు ఎక్కువ వదిలేశారన్నమాట. రెండు మూడు వరుసలయ్యాక బల్ల మీద పరిచి చూస్తే తేడా అక్కడే తెలుస్తుంది, 30 వరుసలు దాటాక విప్పాలంటే కన్నీళ్లే.

మిషనుచప్పుడు: 10 అంగుళాల చదరాలను ఫ్రీ మోషన్ (గుడ్డను చేత్తో ఎటైనా తిప్పుతూ కుట్టడం) సాధనకు, దారం బిగువు సరిచూడడానికి వాడండి. అసలు క్విల్టులో ఏ గుడ్డ, ఏ బ్యాటింగ్, ఏ దారం వాడతారో అవే వేసి చూడాలి. పైన బాబిన్ దారం (కింది దారం) చుక్కలుగా తేలితే పైదారం బిగువు ఎక్కువ. కింద పైదారం ఉచ్చులుగా తేలితే పైదారం వదులైంది.

ఇంకా చిన్నవి చింపి సూదుల దిండులోకీ, కుషన్లలోకీ కూరొచ్చు. కత్తెరతో అంగుళం ముక్కలుగా కాకుండా చేత్తో పీకి పీచు చేస్తే గడ్డలు కట్టదు. నింపే ముందు గుండుసూదులు, విరిగిన సూది మొనలు లేవని అయస్కాంతంతో తడిమి చూడండి. చంటిపిల్లల బొమ్మల్లోకి ఈ తునకలు కూరకపోవడమే మంచిది. అంచు ఊడితే పీచు నోట్లోకి పోతుంది.

బొంతలపెట్టె: గోడ మీద గళ్లు అమర్చుకుని చూసుకునే పలకకు పెద్ద కాటన్ ముక్క బిగించుకుంటే, ముక్కలు పిన్ను లేకుండానే అతుక్కుని నిలబడతాయి. చిన్న ముక్కలు అతికినా ఇక్కడ నష్టం లేదు, ఎవరూ ఉతకరు కదా.

కొత్తకుట్టు: ఇప్పుడే కాల్చి చూశాను. ఒక ముక్కకు బూడిద, గట్టి పూస రెండూ వచ్చాయి. మరి దీన్ని ఎటు వేయాలి?

సూదీదారం: కలగలుపు. 80 శాతం కాటన్, 20 శాతం పాలిస్టర్ ఎక్కువగా దొరికే రకం, 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుంటుంది. కానీ నిప్పు చూపించి ఎంత శాతమో చెప్పలేం. స్వచ్ఛమైన కాటన్‌తో అతకొద్దు, మసిగుడ్డల్లో వేయొద్దు. సాధన చదరాలకో, సంచుల అడుగుకో పంపండి. చీటీ మీద కలగలుపు, శాతం తెలియదు అని రాసి కట్టండి.