"తిప్పు" అంటే ఎలా తిప్పాలి?

ప్రశ్న: సర్వసమాన త్రిభుజాల పాఠంలో "త్రిభుజాన్ని తిప్పితే రెండోదాని మీద సరిగ్గా కూర్చుంటుంది" అని రాస్తే, అది భ్రమణమా, పరావర్తనమా? మనం చక్రమూ తిప్పుతాం, పేజీ కూడా తిప్పుతాం కదండీ.

– చక్రం తిప్పితే దాని ముఖం మనవైపే ఉంటుంది. పేజీ తిప్పితే అవతలి ముఖం పైకొస్తుంది. మొదటిది భ్రమణం, రెండోది పరావర్తనం. స్థానాంతరణానికి "జరపడం" ఉంది, పేచీ లేదు. పరావర్తనానికి "తిరగేయడం" వాడండి.

– అదీ చిక్కేనండీ. పుస్తకం తిరగేసి పట్టుకున్నాడంటే తలకిందులుగా అనే. అంటే 180 డిగ్రీల భ్రమణం! "బోర్లించడం" మేలు. పేకముక్క బోర్లించమంటే ఎవరూ పొరబడరు.

– మాట ఏదైనా, చూడాల్సింది శీర్షాల వరుస. గళ్ల కాగితం మీద ఎ(1,1), బి(4,1), సి(1,3) గుర్తించి, ఆ వరుసలో వేలు పోనిస్తే అపసవ్యదిశ, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా. ఎ, బి, సిలు కదిలి వరుసగా చేరిన పి(−1,1), క్యూ(−1,4), ఆర్(−3,1) కూడా అపసవ్యమే. కాబట్టి బోర్లించలేదు. ఎబి అడ్డంగా, పిక్యూ నిలువుగా ఉన్నాయి గనక ఉత్తినే జరపనూ లేదు. ఎపి, బిక్యూల లంబ సమద్విఖండన రేఖలు (సరిగ్గా మధ్యలో లంబంగా కోసే గీతలు) గీయండి, మూలబిందువు దగ్గర కలుస్తాయి. అదే కేంద్రం. తిప్పింది అపసవ్యంగా 90 డిగ్రీలు.
పి అక్కడే ఉండి, క్యూ(−4,1), ఆర్(−1,3) అయితే వరుస సవ్యదిశకు మారుతుంది. వై-అక్షం మీద బోర్లించారన్నమాట.

– దిశ మారగానే అద్దం గీత, అంటే దేని మీద బోర్లించారో ఆ గీత, గీసేయకండి. ఎపి, బిక్యూ, సిఆర్‌ల మధ్యబిందువులు ముందు పెట్టండి. బోర్లించి ఉంటే అవి ఒకే గీత మీదికి వస్తాయి. ఆ మూడు రేఖాఖండాలూ ఆ గీతకు లంబంగా ఉంటేనే ఉత్త పరావర్తనం. వాలుగా ఉంటే, బోర్లించి ఆ గీత వెంటే జరిపారు కూడా. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

– సమద్విబాహు త్రిభుజం ఇస్తే శీర్షాలకు పేర్లు పెట్టాల్సిందే. లేకపోతే తిప్పాననేవాడూ బోర్లించాననేవాడూ ఇద్దరూ ఒప్పే, మార్కులు తగ్గించడానికి వీల్లేదు. పేర్లున్నా, ఎబిసికి పిక్యూఆర్ సర్వసమానం అనాల్సిన చోట క్యూపిఆర్ అని రాస్తే జతలు మారిపోయి పై పరీక్షలన్నీ తప్పుతాయి.

– ప్రశ్నలో "కాగితం మీంచి లేపకుండా తిప్పితే" అని రాసేయండి. భ్రమణం తప్ప వేరే అర్థం రాదు.