పాత ఇన్నోవాలో పవర్ స్టీరింగ్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

పాలేరు_ఇన్నోవా:
అందరికీ నమస్కారం. నా దగ్గర 2012 నాటి డీజిల్ ఇన్నోవా ఉంది, ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొద్దున్నే బండి తీసి గేటు దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బోనెట్ లోపలి నుంచి మూలుగు లాంటి శబ్దం వస్తోంది, పది నిమిషాలు నడిపాక తగ్గిపోతోంది. ట్యాంకు మూత తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా నల్లబడి మాడు వాసన వేస్తోంది, మట్టం మాత్రం కింది గీతకు కాస్త పైనే ఉంది. షెడ్డులో చూపిస్తే స్టీరింగ్‌కు ఆయిల్ ఒత్తిడినిచ్చే పంపు మార్చాలన్నారు. అంత ఖర్చుకు ముందు ఆయిల్ మార్చి చూడాలని నా ఉద్దేశం. జాకీ, రెండు స్టాండ్లు ఉన్నాయి, చేయందించడానికి మా తమ్ముడు ఉన్నాడు. ఏ ఆయిల్ పోయాలో, లోపలికి గాలి చొరబడకుండా ఎలా మార్చాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుంటూరు_డీజిల్:
పంపు మార్చే ముందు ఆయిల్ మార్చి చూడాలన్న మీ ఆలోచన సరైనదే. మీ బండికి డెక్స్రాన్ 2 లేదా 3 రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఎర్రని ఆయిల్, సరిపోతుంది. ఆ ప్రమాణాన్ని రూపొందించిన జనరల్ మోటార్స్ సంస్థ డెక్స్రాన్ 3కి లైసెన్సులు ఇవ్వడం ఎప్పుడో మానేసింది కాబట్టి, పేరున్న కంపెనీ డబ్బా మీద ఆ ప్రమాణానికి తగినదని రాసి ఉంటే చాలు. రెండు లీటర్లు తెచ్చుకోండి. తొందరలో బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా పడనీయకండి, దానికి ఈ వ్యవస్థలోని రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

తేలికైన పద్ధతి ఏమిటంటే, పెద్ద సిరంజికి సన్నని గొట్టం తగిలించి ట్యాంకులోని ఆయిల్ లాగేసి, కొత్తది పోసి, రెండు మూడు రోజులు బండి నడిపి మళ్లీ అదే పని చేయడం. అయితే ట్యాంకులో పట్టేది మొత్తం ఆయిల్‌లో మూడో వంతు అనుకుంటే, మూడుసార్లు మార్చినా పాతది దాదాపు 30 శాతం, ఐదుసార్లు మార్చినా 13 శాతం లోపలే మిగులుతుంది.

షెడ్డు_మనిషి:
ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఆయిల్ అంత నల్లబడినప్పుడు సిరంజి పద్ధతి చాలదని నా అభిప్రాయం, మీకు తోడుగా మనిషి ఉన్నారు కాబట్టి రిటర్న్ పైపు, అంటే ఆయిల్ ట్యాంకులోకి తిరిగి వచ్చే పైపు, ద్వారానే తీయండి.

హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టి, ముందు చక్రాలు రెండూ గాలిలోకి లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి తల పెట్టకండి. ట్యాంకుకు వచ్చే రెండు పైపుల్లో సన్నగా, మామూలు క్లిప్పుతో ఉండేది సాధారణంగా రిటర్న్ పైపు, లావుగా ఉండి పంపు వైపు వెళ్లేది ఆయిల్ పీల్చుకునే పైపు. సన్న పైపు ఊడదీసి, ట్యాంకు వైపు మిగిలిన ముక్కుకు రబ్బరు మూత బిగించి, ఆ పైపుకు పారదర్శకమైన గొట్టం తగిలించి సీసాలోకి వదలండి. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) మీద ఆయిల్ పడకుండా ముందే గుడ్డ కప్పండి.

ఇంజను స్టార్టు చేయకూడదు. తాళం తిప్పి స్టీరింగ్ లాకు తీసి, మీ తమ్ముణ్ని స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పమనండి, మీరు ట్యాంకులో మట్టం ఎప్పుడూ సగానికి తగ్గకుండా కొత్త ఆయిల్ పోస్తూ ఉండండి. ట్యాంకు ఖాళీ అయితే పంపు గాలి పీలుస్తుంది, ఆ గాలిని బయటికి పంపడానికి మళ్లీ గంట పడుతుంది. గొట్టంలో ఎర్రని ఆయిల్ కనిపించాక పైపు బిగించి, ఇంజను ఆపి ఉండగానే మరో పది పదిహేనుసార్లు తిప్పి, బుడగలు రావడం ఆగాకే స్టార్టు చేయండి. స్టీరింగ్‌ను ఏ వైపైనా చివరి దాకా తిప్పి అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచవద్దు, ఆ సమయంలో పంపు మీద ఒత్తిడి గరిష్ఠ స్థాయికి చేరి ఆయిల్ వేడెక్కిపోతుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే గాలి మిగిలిందని అర్థం, ఇంజను ఆపి అరగంట ఆగి మళ్లీ తిప్పండి.

ఇంకొక మాట. ఇది మూసి ఉన్న వ్యవస్థ, ఇందులో ఆయిల్ తనంతట తాను తగ్గదు. మట్టం పడిపోతూ ఉంటే ర్యాక్ బూట్ల (స్టీరింగ్ ర్యాక్ రెండు చివరల ఉండే రబ్బరు తొడుగుల) లోపల, పైపుల అతుకుల దగ్గర చెమర్చిందేమో చూడండి, ఎందుకంటే లీకును ఏ కొత్త ఆయిలూ ఆపలేదు.

స్విఫ్ట్_విజయవాడ:
నా స్విఫ్ట్‌లో ఎంత వెతికినా ఈ ట్యాంకు కనిపించలేదు. ఎక్కడ ఉంటుంది?

గుంటూరు_డీజిల్:
మీ బండి స్టీరింగ్‌కు సాయం చేసేది కరెంటు మోటారు, అందులో ఆయిలే ఉండదు. మార్చవలసినది ఏమీ లేదు.

పాలేరు_ఇన్నోవా:
ఆదివారం పని పూర్తి చేశాము. మొదటి అర లీటరు పూర్తిగా నల్లగా వచ్చింది, సీసా అడుగున ఆవగింజంత రబ్బరు ముక్కలు రెండు కనిపించాయి. ఒకటిన్నర లీటర్లు పోశాక గొట్టంలో ఎరుపు కనిపించింది. పొద్దుటి మూలుగు ఇప్పుడు చాలా వరకు తగ్గింది, స్టీరింగ్ చివరన మాత్రం సన్నగా వినిపిస్తోంది. మట్టం మూడు రోజులుగా గీత మీదే నిలకడగా ఉంది. పాత ఆయిల్ కాలువలో పోయకుండా, వాడిన ఆయిల్ సేకరించే షెడ్డులో ఇచ్చాను. ఆ రబ్బరు ముక్కలు ఎక్కడివని షెడ్డు_మనిషి గారు భావిస్తున్నారు?

షెడ్డు_మనిషి:
చాలా వరకు పాత రిటర్న్ పైపు లోపలి పొరే అయి ఉంటుంది. పైపును రెండు వేళ్లతో నొక్కి చూడండి, మెత్తబడి జావగా తగిలితే అదొక్కటే మార్చండి. పంపు పీల్చుకునే పైపు దగ్గరి ఓ-రింగు (గుండ్రని రబ్బరు సీలు) కూడా అప్పుడే మార్చితే మేలు, గట్టిపడిన రింగు సందులోంచి గాలి చొరబడినా మీరు చెప్పిన సన్నని శబ్దమే వస్తుంది. ఆ రెండూ అయ్యాక వెయ్యి కిలోమీటర్లు నడిపి, అప్పటికీ శబ్దం ఉంటేనే పంపు విప్పించండి.