కిరీటం కోసం చేసే సేవను సేవ అనొచ్చా?

గోదారి గట్టు
2025 మే 31న హైదరాబాద్ హైటెక్స్‌లో మిస్ వరల్డ్ కిరీటం థాయిలాండ్ అమ్మాయి ఓపల్ సుచాతాకు దక్కింది. ఆ దేశానికి అదే మొదటిసారి. 16 ఏళ్లప్పుడు ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు, క్యాన్సర్ కాదని తేలింది. ఆ అనుభవంతోనే రొమ్ము క్యాన్సర్ మీద అవగాహనకు ‘ఓపల్ ఫర్ హర్’ మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మీద నాకే కోపమూ లేదు. నా అనుమానమల్లా పద్ధతి మీదే. మిస్ వరల్డ్‌లో ‘బ్యూటీ విత్ ఎ పర్పస్’ అని 1972 నుంచి ఒకటి నడుస్తోంది, ఇప్పుడు మిస్ వరల్డ్ సంస్థను నడిపే జూలియా మోర్లీ మొదలుపెట్టింది. పోటీకి వచ్చే అమ్మాయిలు తమ సేవా ప్రాజెక్టును అందులో చూపించుకుంటారు. అంటే సేవ కూడా పోటీలో ఒక అంశమే. ఇంటర్‌లో ప్రాక్టికల్స్ రికార్డు రాసినట్టే కదా ఇది? మార్కులు పడ్డాక ఆ రికార్డు అటకెక్కుతుంది. దీన్ని సేవ అనొచ్చా?

స్టాఫ్ నర్సు
గోదారి గట్టు గారూ, మీరు పద్ధతి గురించి అడిగారు, నేను గడ్డ గురించి చెబుతాను. 22 ఏళ్ల ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు విన్న మాట, “నొప్పి లేదు కదా అని ఊరుకున్నానమ్మా.” రొమ్ము క్యాన్సర్ గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు, అసలు చిక్కంతా అక్కడే. మగ డాక్టరైతే చూపించుకోరు. ఇంట్లో ఆ పేరు కూడా ఎత్తరు, “ఛాతీలో ఏదో ఉంది” అంటారు.

పోటీ అయిన వారానికి మా పక్కింటి డిగ్రీ అమ్మాయి వచ్చి, “ఆంటీ, పదహారేళ్లకే వస్తుందా?” అని అడిగింది. ఆ వయసులో వచ్చే గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావని, అయినా చూపించుకోవాల్సిందేనని చెబుతున్నాను. ఇంతలో వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, “నాకూ ఉందండీ, రెండేళ్లయింది” అంది. కూతురి మొహం చూడాలి! మర్నాడే తీసుకెళ్లాను. నీటి తిత్తి అని తేలింది, బతికిపోయింది. ఓపల్ మార్కుల కోసం చెప్పిందో మనసారా చెప్పిందో ఆవిడకెందుకు చెప్పండి?

హన్మకొండ వాసి
సేవ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. అదే మే నెలలో రామప్ప గుడి దగ్గర ఈ పోటీదారుల కాళ్లు కడగడానికి మన ఆడవాళ్లు నీళ్లు పోశారు, ఒకామె తుడిచింది కూడా. అతిథి మర్యాద అన్నారు. మా అమ్మ పెళ్లిళ్లలో మాత్రమే కాళ్లు కడిగింది. ఎవరు ఎవరికి సేవ చేసినట్టు?

నిర్వాహకులు
రామప్ప సంగతికి వేరే చర్చ ఉంది. ఇక్కడ సేవా ప్రాజెక్టుల గురించే రాయండి.

హన్మకొండ వాసి
అది వేరు, ఇది వేరు అంటే ఎట్లా అన్నా. సరే.

సగం పెన్సిల్
నేను సేవ ‘పొందిన’ దాన్ని. 2017లో మిస్ వరల్డ్ గెలిచిన హర్యానా అమ్మాయి మానుషి ఛిల్లర్ గుర్తుందా? ఎంబీబీఎస్ చదువుతుండేది. నెలసరి శుభ్రత మీద ‘ప్రాజెక్ట్ శక్తి’ చేసింది. ఆ మరుసటి ఏడు చిన్నాచితకా పోటీల వాళ్లు కూడా అదే పట్టుకున్నారు. జిల్లా స్థాయిలో ఏదో టైటిల్ గెలిచిన అక్క మా హాస్టల్‌కొచ్చి తలా ఒక ప్యాకెట్ ఇచ్చింది. ప్యాకెట్ గుండెల దగ్గర పట్టుకుని ఫొటోకి నవ్వమన్నారు. ముందు వరసలో మగ పెద్దమనుషులు కూర్చున్నారు. మేం తలెత్తలేదు.

వచ్చే నెలకు ప్యాకెట్లు లేవు. ఉన్నవి వాడి ఎక్కడ పడేయాలో ఎవరూ చెప్పలేదు, బాత్రూం వెనక కాలువలో వేశాం, అది నిండి పొంగింది, తిట్లు మాకే పడ్డాయి. మాకు కావాల్సింది మూత ఉన్న డబ్బా, గడియ పడే తలుపు, బకెట్‌లో నీళ్లు. అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేవాళ్లం.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ అక్క మైకులో ‘నెలసరి’ అని గట్టిగా అంది. అప్పటిదాకా ఆ మాట గుసగుసగానే విన్నాను.

బ్యాక్‌బెంచి
ఎన్ఎస్ఎస్ క్యాంపుకి నేనూ సర్టిఫికెట్ కోసమే వెళ్లాను. వారం రోజులు ఊరి రోడ్డు ఊడ్చాం. ఊరికి ఒరిగిందేమీ లేదు, మేం వచ్చిన మర్నాడే మళ్లీ చెత్త. నాకు మాత్రం నలుగురిలో మాట్లాడే భయం పోయింది. కిరీటం పిల్లలు “నేను ఎదిగాను” అన్నప్పుడల్లా నాకు ఆ రోడ్డు గుర్తొస్తుంది. ఎదుగుదల అబద్ధం కాదు, కాకపోతే ఎవరి ఖర్చు మీద ఎదిగామో కూడా చెప్పాలి.

గోదారి గట్టు
బాగా చెప్పావు బ్యాక్‌బెంచీ. రీటా ఫారియా సంగతి చూడండి. 1966లో మిస్ వరల్డ్ అయిన బొంబాయి మెడికల్ విద్యార్థిని, ఆసియా నుంచి మొదటి విజేత. అప్పటికి సేవా ప్రాజెక్టుల ఊసే లేదు. కిరీటం పెట్టుకున్నాక అమెరికన్ హాస్యనటుడు బాబ్ హోప్ బృందంతో యుద్ధం నడుస్తున్న వియత్నాం వెళ్లి అమెరికన్ సైనికులకు వినోదం పంచాల్సి వచ్చింది, మన దేశంలో విమర్శలూ వచ్చాయి. ఏడాది గడిచాక మోడలింగ్ వదిలేసి వైద్యం పూర్తిచేసింది, తర్వాత ఐర్లండ్‌లో స్థిరపడింది. ఆ వైద్యానికి ఏ జడ్జీ మార్కులు వేయలేదు.

స్టాఫ్ నర్సు
అది ఆవిడ వృత్తి. కిరీటం ఉన్న ఏడాదిలో ఆవిడ మాట ప్రపంచం వినేది, దాన్ని వియత్నాంలో ఖర్చు పెట్టించారు. ఇప్పుడు ఆ ఏడాదిలో క్యాన్సర్ గురించి మాట్లాడే వీలుంది. దాన్నీ తీసేయమంటారా?

హన్మకొండ వాసి
వీలుందా మేడం? ఇంగ్లండ్ అమ్మాయి మిల్లా మేగీ బడుల్లో సీపీఆర్ (గుండె ఆగినవాళ్లను ఛాతీ నొక్కి బతికించే పద్ధతి) నేర్పించాలనే ఆశయంతో వచ్చి, పోటీ మధ్యలోనే వెళ్లిపోయింది. ధనవంతులైన స్పాన్సర్లను అలరించమన్నారని ఆరోపించింది. అదేమీ లేదు, తల్లి ఆరోగ్యం బాగాలేదని చెప్పి వెళ్లిందని పోటీ నిర్వాహకులన్నారు. ఎవరిది నిజమో నేను తేల్చలేను.

స్టాఫ్ నర్సు
తేలేదాకా ఆ అమ్మాయి మాట కొట్టిపారేయకూడదు. అక్కడ మీతోనే ఉంటాను.

గోదారి గట్టు
నర్సు గారూ, పక్కింటావిడ సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. ప్రాజెక్టు ఉండనివ్వండి. మార్కులు మాత్రం ఏడాది తర్వాత, కిరీటం అప్పగించే రోజున వేయాలి. సగం పెన్సిల్, ఆ అక్క మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా అమ్మా?

సగం పెన్సిల్
రాలేదండీ. ఆమె ఫ్లెక్సీ మాత్రం చాన్నాళ్లుంది. వానాకాలం వంటగది రేకులు కారితే దాన్నే కప్పేవాళ్లం.