సమస్య: గాజు కేంద్రమ్ము గాజులో గానరాదు

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. చేతిగాజు అనుకున్నా సరే, అద్దపు గాజు అనుకున్నా సరే. కేంద్రం అంటే పాఠాల్లో చదువుకున్న ద్రవ్యరాశి కేంద్రం; పద్యంలో గరిమనాభి అన్నా ఒప్పుకుంటాం. భౌతికశాస్త్రం తప్పితే యతి తప్పినట్టే లెక్క.

కొత్తకలం:

సగము సగమున కెదురయి సరిగ నిలువ
బరువు లన్నియు నడుమకే వచ్చి చేరు
నచట లోహమ్ము లేదు, శూన్యమ్మె కలదు
గాజు కేంద్రమ్ము గాజులో గానరాదు

మొదటిసారి రాస్తున్నాను. గణాలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఛందోభటుడు: గణాలు నిక్షేపంగా ఉన్నాయి. మొదటి పాదంలో అన్నీ లఘువులే పడి గాజు దొర్లినట్టు నడిచింది. 'శూన్యమ్మె' మధ్యలో విరిగి 'న్య' మీద యతి పడటం చెవికి కాస్త కటువు. తప్పు మాత్రం కాదు.

లెక్కల మాష్టారు: 'సగము సగమున కెదురయి' అన్నదాంట్లోనే సౌష్ఠవం సంగతంతా ఉంది. అయితే ఆకారం ఒక్కటే సరిపోదు బాబూ, బరువు కూడా చుట్టూ ఒకేలా పరుచుకోవాలి. నమ్మకం లేకపోతే గాజును దారంతో కట్టి వేలాడదీయండి. దారం గీటు కిందికి సాగిన దారిలోనే కేంద్రం ఉంటుంది. కట్టిన చోటు మార్చి మళ్లీ చూడండి. రెండు గీట్లూ కలిసేది గాలిలోనే. ఇప్పుడే చేసి చూశాను. గాజెందుకని మా ఆవిడ అడిగింది, పద్యం కోసమన్నాను. ఇంకేం అడగలేదు.

నీలికలువ: నేను అద్దం వైపు వెళ్లాను.

అర్ధగోళంపు గిన్నెలో నరసి చూడ
లోతు సగమున నిలిచె నా లోని నాభి
గాలి తప్పంగ నచ్చోట గాజు లేదు
గాజు కేంద్రమ్ము గాజులో గానరాదు

ఛందోభటుడు: 'అర్ధ'కి 'నరసి'లోని అకారంతో యతి! హాయిగా ఉంది.

లెక్కల మాష్టారు: లెక్కా సరిపోయింది నీలికలువ గారూ, గిన్నె పల్చటిది కాబట్టి. గోళాన్ని ఒకే ఎత్తున్న పట్టీలుగా కోస్తే పట్టీలన్నిటి ఉపరితలం సమానం, ఆర్కిమిడీస్ నాటి మాట ఇది. పైపట్టీ ఎంత బరువో అడుగుపట్టీ అంతే, అందుకే నాభి సరిగ్గా సగం లోతున. 8 సెం.మీ. వ్యాసార్ధమైతే అంచు నుంచి 4 సెం.మీ. కాగితాల మీద పెట్టే గాజు బరువులాంటి గట్టి అర్ధగోళమైతే వేరు. చదును ముఖం దగ్గర సరుకెక్కువ, కాబట్టి వ్యాసార్ధంలో 3/8 వంతు, అంటే 3 సెం.మీ. దూరంలోనే ఆగుతుంది. అది గాజులోపలే! 'గిన్నె' అన్న మాటే మీ పూరణను కాపాడింది.

చిట్టిగవ్వ:

రాయి పొదిగిన వైపుకే జరుగు నాభి
కొంచె మటు జరిగిన నేమి, కొలిచి చూడ
నంచు దాకదు, నడిబోలు నందె నిలుచు
గాజు కేంద్రమ్ము గాజులో గానరాదు

ఛందోభటుడు: ఆలోచన కొత్తగా ఉందమ్మా. కానీ మొదటి పాదంలో 'రా'కీ 'జ'కీ యతిమైత్రి లేదు. 'జాతి రత్నంపు వైపుకే జరుగు నాభి' అనండి.

చిట్టిగవ్వ: అయ్యో, నా గాజుకి పొదిగింది గాజురాయేనండీ, జాతి రత్నం కాదు!

లెక్కల మాష్టారు: నాభికి ధరతో పనిలేదు, బరువే ముఖ్యం. గాజు 9 గ్రాములు, రాయి 1 గ్రాము, వ్యాసార్ధం 3 సెం.మీ. అనుకుందాం. కేంద్రం రాయి వైపు పదో వంతు, అంటే 3 మి.మీ. జరుగుతుంది. మీ 'కొంచె మటు' అక్షరాలా నిజం.

ఛందోభటుడు: అయితే రత్నం ఉంచేయండి. యతి కోసం ఆ మాత్రం గిల్టు పర్లేదు.